అద్దె చట్టం మారింది, మన వాట్సాప్ గ్రూపులూ మారాలి

2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా అద్దె ఇల్లు ఖాళీ చేయించడం కుదరదు. 1988 నాటి హౌసింగ్ చట్టంలోని సెక్షన్ 21 ఆ రోజుతో పోతుంది. అద్దె తేదీకి కడుతున్నా, ఇల్లు అద్దంలా ఉంచుకున్నా, ఒప్పందం గడువు తీరితే రెండు నెలల నోటీసిచ్చి పొమ్మనగల హక్కు ఇంటి యజమానికి ఇన్నాళ్లూ ఉండేది. ఎందుకు పొమ్మంటున్నారని అడిగినా జవాబు చెప్పనక్కర్లేదు. దీన్ని రద్దు చేస్తామని 2019 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని థెరిసా మే ప్రభుత్వం మాటిచ్చింది. 2023లో బిల్లు పెట్టారు. 2024 ఎన్నికలు రావడంతో అది మూలపడింది. లేబర్ ప్రభుత్వం కొత్త బిల్లు తెచ్చి, 2025 అక్టోబర్ 27న రాజామోదం పొందింది. మాటకీ అమలుకీ మధ్య ఏడేళ్లు గడిచాయి. ఈ ఏడేళ్లలో పిల్లల బడి మధ్యలో ఉండగా పెట్టెలు సర్దుకున్న కుటుంబాలు ఇక్కడి మన తెలుగు సంఘంలోనూ ఉన్నాయి.

రెంటర్స్ రైట్స్ యాక్ట్ అని పిలుస్తున్న ఈ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే ఇది ఎవరికి అందుతుంది, ఎవరికి అందకుండా పోతుంది అన్న చోటే నా బెంగంతా. అందనివాళ్లలో మొన్నమొన్న లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగిన మన పిల్లలు ముందు వరసలో ఉన్నారు. వాళ్లకు అందకుండా చేస్తున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ముందు చట్టంలో ఏముందో క్లుప్తంగా చెబుతాను. ఏడాది, ఆర్నెల్లు అంటూ గడువు పెట్టే ఒప్పందాలు ఇక ఉండవు. పాతవీ కొత్తవీ అన్నీ నెలనెలా కొనసాగే అద్దెలే అవుతాయి. అద్దెకున్నవాళ్లు రెండు నెలల నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. యజమాని ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిన కారణం ఒకటి చూపాలి. అద్దె ఏడాదికి ఒకసారే పెంచాలి, రెండు నెలల ముందు చెప్పాలి. మరీ ఎక్కువనిపిస్తే అద్దె తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, యజమాని అడిగినదానికంటే పైసా ఎక్కువ వేసే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. ప్రకటించిన అద్దె మీద వేలంపాట పెట్టకూడదు. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననకూడదు. ఇందులో చాలావరకు ఇంగ్లండ్‌కే. వేల్స్‌కూ స్కాట్లండ్‌కూ వాటి చట్టాలు వాటికున్నాయి, కార్డిఫ్, ఎడిన్‌బరా సభ్యులు గమనించాలి.

మనవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన పత్రికల్లో పెద్దగా కనిపించలేదు. అది ముందస్తు అద్దె సంగతి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు, పాత ఇంటి యజమాని ఇచ్చే రిఫరెన్స్ ఉండదు. అందుకని ఆరు నెలల అద్దె ఒక్కసారే కట్టమని ఏజెంట్లు అడగడం ఇన్నాళ్లూ రివాజు. నెలకు 1,200 పౌండ్ల ఇల్లనుకోండి. ఆరు నెలలకు 7,200. చట్టం అనుమతించే ఐదు వారాల డిపాజిట్ ఇంకో 1,384. అంటే తాళం చేతికి రాకముందే ఎనిమిదిన్నర వేల పౌండ్లు, మన లెక్కలో సుమారు పది లక్షల రూపాయలు. కాలేజీ ఫీజుకు ఊళ్లో పొలం తాకట్టు పెట్టిన తండ్రి దగ్గర ఆ పది లక్షలు ఎక్కడుంటాయి? అప్పు ఇంకొంచెం పెరుగుతుంది, లేదా పిల్లాడు అగ్రిమెంటు అడగని ఇల్లు వెతుక్కుంటాడు.

మే 1 తర్వాత కుదిరే అద్దెలకు ఈ పద్ధతి చెల్లదు. ఒప్పందం మీద సంతకాలు కాకముందు అద్దె అడగకూడదు, అద్దెకొచ్చేవాళ్లు తామే ఇస్తామన్నా తీసుకోకూడదు. సంతకాలయ్యాక, ఇంట్లో చేరేలోపు ఒక నెల అద్దె వరకే అడగొచ్చు. మన పిల్లలకు ఇది ఎంత పెద్ద ఊరటో ఆ ఆరు నెలల అద్దె పంపిన తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు.

కానీ ఆ తలుపు మూసుకున్నాక ఏజెంటు ఇంకో తలుపు చూపిస్తాడు. అది గ్యారంటర్, అంటే మీరు అద్దె కట్టకపోతే తను కడతానని హామీ సంతకం పెట్టే మనిషి. గ్యారంటర్‌ని అడగడాన్ని ఈ చట్టం నిషేధించలేదు. గ్యారంటర్ ఈ దేశంలో ఉండాలంటారు, నెల అద్దెకు 36 రెట్ల వార్షికాదాయం చూపించాలంటారు. 1,200 పౌండ్ల ఇంటికి 43,200 పౌండ్ల జీతమన్నమాట. నరసరావుపేటలో ఉన్న నాన్న ఎంత ఆస్తిపరుడైనా లెక్కలోకి రాడు. ముందస్తు అద్దె పోయిందన్న సంతోషం గ్యారంటర్ దగ్గర ఆవిరైపోకుండా చూడగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే, ఇక్కడ పదిపదిహేనేళ్లుగా ఉద్యోగాలు చేసుకుంటున్న మనమే.

గ్యారంటీ సంతకం పెట్టడం చిన్న విషయమని నేననను. పైగా కొత్త చట్టం కింద అద్దెకు గడువంటూ లేదు కాబట్టి హద్దు రాయని గ్యారంటీ కూడా అలాగే సాగుతూ పోవచ్చు. నలుగురు కలిసి ఒకే ఒప్పందం మీద చేరితే, మనం హామీ ఇచ్చింది ఒక్క కుర్రాడికే అయినా మిగతా ముగ్గురి బాకీ కూడా మన మెడకు చుట్టుకోవచ్చు. అందుకే పత్రంలో మూడు విషయాలు రాయించుకోవాలి: గరిష్ఠంగా ఇన్ని పౌండ్ల వరకే, ఈ ఒక్కరి వాటా వరకే, ఫలానా తేదీ వరకే. ఇలా రాయమంటే ఏజెంట్లు మొదట గునుస్తారు, గట్టిగా నిలబడితే చాలాసార్లు ఒప్పుకుంటారు. మన సంఘం ఒక సొలిసిటర్ (లాయర్) చేత ఇలాంటి పత్రం నమూనా రాయించి సభ్యులకు ఇవ్వాలి. దీపావళి వేడుకకు హాలు అద్దె కట్టడానికి వెనుకాడని సంఘం ఈ ఖర్చుకు వెనుకాడకూడదు.

ఇక అసలు మాటకు వస్తాను. అగ్రిమెంటే లేని ఇళ్ల మాట.

తూర్పు లండన్‌లో అలాంటి ఇల్లు ఒకటి చూశాను. మూడు పడగ్గదుల వరస ఇల్లు, అందులో తొమ్మిది మంది కుర్రాళ్లు. ముందు హాలు కూడా పడగ్గదే, నేల మీద రెండు పరుపులు. ఒకటే ఫ్రిజ్, అరల మీద మార్కర్‌తో రాసిన పేర్లు. మెట్ల దగ్గర పొగ అలారం ఊడదీసి ఉంది. పోపు వేసినప్పుడల్లా మోగుతోందని బ్యాటరీ తీసేశారట. అద్దె నగదుగానే ఇవ్వాలి, రసీదు ఉండదు. ఇంటిని నడిపేది మన తెలుగాయనే. తను అసలు యజమాని దగ్గర అద్దెకు తీసుకుని, పరుపుల లెక్కన తిరిగి అద్దెకిస్తున్నాడు, తను ఉండేది ఇంకోచోట. ఒక కుర్రాడు బ్యాంకులో చూపించడానికి కాగితం కావాలని అడిగితే, "మనలో మనకి అగ్రిమెంట్లేంటి తమ్ముడూ" అన్నాడట. పదిరోజులకు ఆ తమ్ముడి బ్యాగులు గుమ్మం బయట ఉన్నాయి.

ఆ కుర్రాడికి తెలియంది ఏమిటంటే, కాగితం లేకపోయినా అతనికి హక్కులున్నాయి. నోటిమాట మీద అద్దెకు చేరి, అద్దె కడుతూ ఉంటే ఇంగ్లండ్ చట్టం ప్రకారం అది చాలావరకు అద్దె ఒప్పందమే. కోర్టు ఉత్తర్వు లేకుండా అలాంటివాణ్ణి బయటికి నెట్టడం, తాళాలు మార్చడం 1977 నాటి చట్టం కింద నేరం. రెండు లేదా అంతకుమించిన కుటుంబాలకు చెందిన ఐదుగురో ఆపైనో ఉన్న ఇంటికి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) లైసెన్సు తప్పనిసరి, 2018 అక్టోబర్ నుంచి ఎన్ని అంతస్తులన్నదానితో పనిలేదు. లైసెన్సున్న ఇంట్లో ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరిదైతే 10.22 ఉండాలి. లైసెన్సు లేకుండా నడిపితే అద్దెకున్నవాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లి కట్టిన అద్దె వెనక్కి అడగొచ్చు. ఇదివరకు ఏడాది అద్దె దాకా అడిగే వీలుండేది, కొత్త చట్టం దాన్ని రెండేళ్లకు పెంచింది.

ఇక్కడొక కోర్టు తీర్పు గుర్తుంచుకోవాలి. 2023 మార్చి 1న రాకూసెన్ వర్సెస్ జెప్సెన్ కేసులో సుప్రీంకోర్టు, అద్దె వాపసు ఉత్తర్వు అద్దెకున్నవాళ్ల నేరు యజమాని మీదే వేయగలమని, అతనికి పైన ఉన్న అసలు యజమాని మీద వేయలేమని తేల్చింది. చట్టంలోని మాటల ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ మధ్యవర్తి చేతులెత్తేసినా, కంపెనీ మూసేసి మాయమైనా కుర్రాళ్లకు చిల్లిగవ్వ రాదు, అసలు యజమాని దర్జాగా తన అద్దె తను తీసుకుంటాడు. పార్లమెంటు ఈ చట్టంలో ఆ లోటు పూడ్చింది. ఇకనుంచి పైనున్న యజమానిని కూడా ట్రిబ్యునల్ ముందుకు లాగొచ్చు. "నేను ఒకాయనకి ఇచ్చాను, ఆయన ఎవరికిచ్చాడో నాకేం తెలుసు" అనే మాట ఇక అంత తేలిగ్గా చెల్లదు. ఈ చట్టం మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

అయినా ఒక సందు మిగిలింది. యజమాని తనూ అదే ఇంట్లో ఉంటూ గది అద్దెకిస్తే, అందులో ఉన్నవాళ్లు లాడ్జర్లు. వాళ్లకు ఈ చట్టం వర్తించదు, తగినంత వ్యవధి నోటీసిస్తే చాలు, కోర్టుకు వెళ్లకుండానే పంపేయొచ్చు. సొంతింట్లో పరాయి మనిషిని పెట్టుకున్న కుటుంబానికి ఆ వెసులుబాటు ఉండాల్సిందే, దాన్ని నేను కాదనను. కానీ గదిలో చేరే కుర్రాడికి తను లాడ్జరో, అద్దెదారో మొదటి రోజే తెలియాలి. అది చెప్పకుండా డబ్బు తీసుకోవడం అన్యాయం.

ఈ ఇరుకు ఇళ్ల ప్రమాదం మాటలకే పరిమితం కాదు. 2023 మార్చిలో తూర్పు లండన్‌లోని షాడ్‌వెల్‌లో, ముగ్గురికి మాత్రమే లైసెన్సున్న ఫ్లాట్‌లో పదిహేను మందికి పైగా ఉంటుండగా, ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ అంటుకుని బంగ్లాదేశ్ నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన చనిపోయాడు. నేను చూసిన ఇంట్లోనూ హాల్లో డెలివరీ సైకిల్ ఒకటి ఛార్జింగ్‌కు పెట్టి ఉంది.

పిల్లలు ఎందుకు నోరు విప్పరంటే, వీసాకు ఏమవుతుందోనన్న భయం. ఇంటి గురించి కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడం వీసా షరతుల ఉల్లంఘన కాదు. ఈ ఒక్క మాట ప్రతి సెప్టెంబర్‌లోనూ కొత్త విద్యార్థుల స్వాగత సభలో మైకులో చెప్పాలి. యూనివర్సిటీ హాస్టళ్లకు ఈ చట్టం వర్తించదనీ, బయట కలిసి ఉండే విద్యార్థుల ఇళ్లను యజమాని నాలుగు నెలల నోటీసుతో వేసవిలో వెనక్కి తీసుకునే వీలుందనీ కూడా చెప్పాలి.

ఇక మనలో ఇళ్లు అద్దెకిచ్చినవాళ్ల సంగతి. లండన్ పక్కనున్న స్లౌలోనో రీడింగ్‌లోనో రెండో ఇల్లు కొనుక్కున్న మిత్రులు ఈ చట్టం తమ గొంతు నొక్కుతోందంటున్నారు. వాళ్ల ఆందోళనలో కొంత నిజముంది. దావా వేసిన దగ్గర్నుంచి ఇల్లు చేతికొచ్చేసరికి దాదాపు ఆరు నెలలు పడుతోంది, అద్దె కట్టకుండా కూర్చున్న మనిషి ఉంటే ఇంటి అప్పు వాయిదా (మార్ట్‌గేజ్) మీరు కడుతూనే ఉండాలి. ఇదివరకు రెండు నెలల బాకీకి తప్పనిసరిగా ఖాళీ చేయించే వీలుండేది, ఇప్పుడది మూడు నెలలైంది. కోర్టులకు జడ్జీలనూ, ఉత్తర్వు అమలుచేసి ఇల్లు ఖాళీ చేయించే బెయిలిఫ్‌లనూ ఇవ్వకుండా ప్రభుత్వం చట్టం మాత్రమే ఇస్తే అది సగం పనే. దీన్ని ఎంపీలకు రాయండి, నేనూ సంతకం పెడతాను.

కానీ ఇల్లు అమ్ముకోవాలన్నా, హైదరాబాద్ ఆఫీసులో రెండేళ్లు చేసి తిరిగొచ్చి మీ ఇంట్లో మీరే ఉండాలన్నా, మీ అమ్మానాన్నల్ని ఉంచాలన్నా దారి మూసుకోలేదు. మొదటి ఏడాది తర్వాత నాలుగు నెలల నోటీసుతో ఇల్లు తీసుకోవచ్చు. అలా తీసుకుని వెంటనే ఎక్కువ అద్దెకు ఇంకొకరికి ఇవ్వకుండా ఏడాదిపాటు అద్దెకివ్వడానికి వీల్లేదన్నారు. ఇందులో నాకు అన్యాయమేమీ కనిపించదు. కారణం ఉన్నవాడు కారణం చెప్పడానికి ఇబ్బంది పడడు.

సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే, అది మన వాట్సాప్ గ్రూపుల గురించి. "రూమ్ అవైలబుల్, ఓన్లీ తెలుగు బాయ్స్, క్యాష్" అన్న ప్రకటనలు రోజూ మన సంఘం పేరున్న గ్రూపుల్లోనే వస్తున్నాయి. మన పేరు చూసి పిల్లలు నమ్ముతున్నారు. ఇకమీదట గది ప్రకటనలో నాలుగు వివరాలు లేకపోతే అడ్మిన్‌లు తీసేయాలి: అద్దె ఎంత, యజమాని అదే ఇంట్లో ఉంటారా, మొత్తం ఎంతమంది ఉంటారు, లైసెన్సు అవసరమైన ఇల్లైతే లైసెన్సు ఉందా. చాలా కౌన్సిళ్ల లైసెన్సు జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇందువల్ల గ్రూపులో గదులు తగ్గుతాయని కొందరు అంటున్నారు. ఆ నాలుగు వివరాలు చెప్పలేని గది మన గ్రూపులో లేకపోవడమే మంచిది.

ఇళ్లు అద్దెకిచ్చిన సభ్యులకు ఒక తేదీ. ఇప్పటికే రాతపూర్వక ఒప్పందంతో అద్దెకున్నవాళ్లకు ప్రభుత్వం విడుదల చేసే సమాచార పత్రాన్ని 2026 మే 31లోగా ఇవ్వాలి. నోటిమాట మీద అద్దెకిచ్చి ఉంటే షరతులన్నీ రాసి అదే తేదీలోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే కౌన్సిల్ 7,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు.