నాలుగు కోతలు, వేల జవాబులు: దాళ్వా దిగుబడి సందేశానికి ఖండన

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల వేళ గోదావరి డెల్టా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. వందల ఎకరాలున్న ఊళ్లో నాలుగు చోట్ల పంట కోసి దిగుబడి ప్రకటించడం మోసమనీ, యాదృచ్ఛికం అంటే అధికారి తనకు తోచిన చేలో కోయడమేననీ, తమ గ్రూపుల్లో వేలాది మంది స్వయంగా చెప్పిన లెక్కే అసలు నిజమనీ, ఆ లెక్క ప్రకారం కాలువ చివరనున్న శివారు గ్రామాల నష్టం కాలువ మొదట్లోని ఎగువ గ్రామాల కంటే సరిగ్గా రెట్టింపనీ దాని సారాంశం. శివారు రైతుకు నష్టం రాలేదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ నష్టాన్ని నిరూపించడానికి సందేశం ఎంచుకున్న దారి తప్పు.

మొదటి ఆరోపణలో కొంత నిజం ఉంది, కానీ సందేశం చెప్పిన చోట కాదు. పంటల బీమా పథకమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా మార్గదర్శకాల ప్రకారం ప్రధాన పంటకు గ్రామ పంచాయతీ స్థాయిలో కనీసం 4 పంట కోత ప్రయోగాలు (ఎంచిన చేలో కొంత భాగం కోసి, తూచి దిగుబడి కట్టడం), మండల స్థాయిలో కనీసం 10 జరగాలి. నాలుగు చాలవని అనిపించడానికి ఊరి విస్తీర్ణం కారణం కాదు. ఊళ్లో 300 ఎకరాలున్నా 3,000 ఎకరాలున్నా నమూనా సగటులోని పొరపాటు దాదాపు అంతే ఉంటుంది. దాన్ని నిర్ణయించేది చేనుకూ చేనుకూ దిగుబడి ఎంత మారుతుందన్నదీ, ఎన్ని కోతలు కోశారన్నదీ. ఉదాహరణకు, ఆ హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం, అంటే చేల దిగుబడి సగటు నుంచి సాధారణంగా ఎంత తప్పుకుంటుందో ఆ కొలత, ఎకరానికి 6 బస్తాలనుకుందాం. నాలుగు కోతల సగటుకు ప్రామాణిక దోషం (ఆ సగటులో ఉండదగిన పొరపాటు కొలత) 3 బస్తాలు, పదహారు కోతలకు ఒకటిన్నర. అంటే నాలుగు కోతలతో 40 బస్తాలని తేలిన ఊళ్లో అసలు సగటు, ఇరువైపులా రెండు ప్రామాణిక దోషాలు వేసుకుంటే, 34కూ 46కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పరిహారం ఆ అంకెపై ఆధారపడినప్పుడు ఇది చిన్న తేడా కాదు. కాబట్టి కోతల సంఖ్య పెంచమని అడగడం పూర్తిగా న్యాయమైన కోరిక. కోతలనే మానేసి గ్రూపు లెక్కను నమ్మమనడం వేరే సంగతి.

యాదృచ్ఛికం అంటే ఇష్టం వచ్చినట్లు అనడం రెండో పొరపాటు. నిజానికి మనిషి ఇష్టాన్ని తొలగించడానికే ఆ పద్ధతి పుట్టింది. గ్రామం, సర్వే నంబరు, అందులో చేను, ఆ చేలో నైరుతి మూల నుంచి ఎన్ని అడుగులు పొడవుకు, ఎన్ని అడుగులు వెడల్పుకు నడవాలన్నది కూడా యాదృచ్ఛిక సంఖ్యల పట్టికే నిర్ణయిస్తుంది. వరికి సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరాన్ని కోస్తారు. ఎకరంలో అటువంటి చదరాలు సుమారు 162 పడతాయి. చదరం ఆ పరిమాణంలో ఉండడానికీ కారణముంది. మరీ చిన్న ముక్క కోస్తే అంచు మీది దుబ్బులు లోపలి లెక్కలోకి చేరి దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే వాదించగా, చిన్న ముక్కలతో సర్వేలు చేసిన మరో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌తో ఆ విషయమై గట్టి చర్చే నడిచింది. వరి దిగుబడికి యాదృచ్ఛిక నమూనా అంతకుముందే, 1920లలో, బీహారు–ఒరిస్సాలో హబ్బక్ అనే బ్రిటిష్ అధికారి చేసి చూపిన పని. ఎంపికైన చేను వదిలి రోడ్డు పక్క చేలో కోసిన సందర్భం ఎక్కడైనా ఉంటే అది పద్ధతిని ఉల్లంఘించడమే. ఎంపికైన సర్వే నంబర్ల జాబితా అడిగితే తేలిపోతుంది.

ఇక సందేశానికి అసలు బలమనిపించే భాగం: వేలాది జవాబులు. ఈ నమ్మకాన్ని 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలే బద్దలుకొట్టాయి. లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకుని, రూజ్‌వెల్ట్‌పై పోటీచేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుంచి రావడం, జవాబివ్వాలని అనుకున్నవారే జవాబివ్వడం, ఈ రెండు దోషాలనూ ఎన్ని లక్షల కార్డులైనా సరిచేయలేకపోయాయి. మన గ్రూపుల్లో ఎవరున్నారో చూడండి. డెల్టాలో సాగులో పెద్ద భాగం కౌలు రైతులది. గ్రూపులో చురుగ్గా ఉన్నవారిలో రాజమండ్రిలోనో హైదరాబాదులోనో ఉండే భూ యజమానులు ఎంతమంది? పంట బాగా పండినవాడు గ్రూపులో నష్టమెంతన్న ప్రశ్న చూసి ఊరుకుంటాడు, మునిగినవాడు వెంటనే రాస్తాడు. ధాన్యం కొనే వ్యాపారి కూడా బండి పైనున్న ఒక్క బస్తాలోంచి గుప్పెడు తీసి మొత్తానికి ధర కట్టడు.

ఎగువ, శివారు తేడా నిజంగా తెలియాలంటే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలను కాలువ ఎగువ భూములుగా, శివారు భూములుగా ముందే స్తరాలు (వేర్వేరు వర్గాలు) చేసి, ప్రతి స్తరంలోనూ యాదృచ్ఛికంగా చేలు ఎంచాలి. అలా చేస్తే శివారున ఉన్న కాట్రేనికోన వైపు చేలు ఎగువనున్న ధవళేశ్వరం దగ్గరి చేల లెక్కలో కలిసిపోవు. కాలువ వెంట ప్రతి పదో చేను తీసుకోవడం సులువే, కానీ కాలువ నీళ్లు వదిలే తూముల దూరం కూడా అదే వరసలో పడితే అన్నీ నీళ్లందిన చేలే వస్తాయి.

చివరిది ‘రెట్టింపు’ మాట. గ్రూపుల్లో పంచిన ప్రశ్నావళిలో నష్టాన్ని 1 నుంచి 5 వరకు గుర్తించమని అడిగి, శివారు సగటు 4, ఎగువ సగటు 2 అని చూపి రెట్టింపన్నారు. ‘కొంచెం, ఎక్కువ, బాగా ఎక్కువ’ అన్నవి క్రమసూచక చలరాశి విలువలు. ఏది ముందో ఏది వెనకో చెబుతాయి గాని 4 అంటే 2కు రెండింతలని చెప్పవు. వాటికి మధ్యగతం (వరసలో నడుమ పడే విలువ) చూడవచ్చు, నిష్పత్తి తీయకూడదు. అదే సందేశంలో వరి వంగడాల నంబర్లకు కూడా సగటు కట్టారు. ఎం.టి.యు. 1010, 1121 పేర్లే తప్ప పరిమాణాలు కావు. వాటి సగటైన 1065.5 అనే వంగడాన్ని మారుటేరు పరిశోధన కేంద్రం ఇంకా విడుదల చేయలేదు. నిష్పత్తి తీయదగిన చలరాశి దిగుబడి బరువొక్కటే. దాన్నీ బస్తాల్లో అడిగి వదిలేశారు. రైతు నోట బస్తా అంటే సాధారణంగా 75 కిలోలు, కొనుగోలు కేంద్రంలో గోనె 40 కిలోలు. ఒకరు కోసిన నాటి పచ్చి ధాన్యం చెబితే, ఇంకొకరు 17 శాతం తేమకు ఆరబెట్టాక తూచినది చెబుతారు. ఎవరు ఏ బస్తా చెప్పారో, ధాన్యం ఎంత తేమలో తూచారో ఆ ప్రశ్నావళిలో అడగనే లేదు కాబట్టి, ఇప్పుడు ఆ జవాబులను కిలోల్లోకి మార్చే వీలు కూడా లేదు.