విరిగినవి పాలేనా?

నెల్లూరులో తీపి మానేసేవాడు ముందు దారి మార్చుకోవాలి. ట్రంకు రోడ్డులో మిఠాయి అంగడి అద్దాల వెనక, పాకంలో ఊరి, వేలు తగిలితే జారిపోయే మలై కాజాలు పళ్లేల నిండా ఉంటాయి. వాటిని చూస్తూ చూస్తూ ఇల్లు చేరడం మామూలు మనుషుల వల్ల కాదు. అందుకే మన డైటాయన వీఆర్సీ సెంటరు దగ్గరే సందుల్లోకి తిరిగి, చుట్టు దారిన క్షేమంగా ఇంటికొస్తాడు. వచ్చి, చక్కెర డబ్బాను అటకెక్కించి, ఆ చోట కిలో బెల్లం పెడతాడు. అంగడి దగ్గర తప్పిన గండం వంటింట్లో కాచుకునుంది.

చక్కెర వంద గ్రాములకు 390 క్యాలరీల దాకా ఉంటే, బెల్లానికి 380 చుట్టుపక్కల. ఆ పది మిగిలాయన్న ధైర్యంతో చెంచా రాశిగా తీస్తాడు. తలగొట్టిన టీ చెంచాకు పట్టేది 4 గ్రాములు, రాశిగా తీస్తే 6, 7కు పోతుంది. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు కప్పులు. దాదాపు 50 గ్రాములు టీలోనే కరిగిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్కలో, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి కలుపుకునే తీపి మొత్తం 50 గ్రాములు దాటకూడదు, 25 లోపుంటే ఇంకా మేలు. తేనె కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. ఊరి నుంచి చుట్టాలు తెచ్చారని బెల్లానికి మినహాయింపేమీ లేదు.

సాయంత్రం నాలుగైంది. పొద్దున టిఫిను ఎగ్గొట్టి, మధ్యాహ్నం రెండు ముద్దల చారన్నంతో లేచిన మనిషికి ఆ వేళకు తీపి మీదికి మనసు పోక ఏమవుతుంది? అది పొద్దుటి ఆకలే, వేషం మార్చుకుని వచ్చింది. రెండు ఉడికించిన గుడ్లో, ఒక పెసరట్టో పొద్దున పడుంటే సగం గొడవ ఉండేది కాదు. ఇప్పుడు స్టవ్ మీద అర లీటరు పాలు తెర్లుతుంటే, మంటైనా తగ్గించకుండా గుప్పెడు బెల్లం అందులో వేశాడు. కాసేపటికి గోధుమరంగు నీళ్లలో తెల్లటి తునకలు తేలాయి.

"అబ్బయ్యా, పాలు ఇరిగిపోయినాయి గదరా! దించినాక గదా బెల్లం ఏసేది!"

అమ్మ మాటే రైటు. బెల్లంలో ఉండే కాస్త పులుపు, లవణాలు మరిగే పాలను విరిచేస్తాయి. పాత బెల్లమైతే మరీ తొందర. పాలు, డికాక్షన్ కలిపి మరిగించి, దించి, రెండు నిమిషాలు ఆగి, తురిమిన బెల్లం కప్పులో వేసి కలుపుకోవాలి. చక్కెర బదులు వేసుకునే తీపి బిళ్లలకూ కొంచెం ఇదే నియమం: ఆస్పర్టేమ్ రకాన్ని టీతోపాటు మరిగిస్తే తీపి తగ్గిపోతుంది, చాల్లేదని ఇంకో రెండు వేస్తారు. అన్నిటికన్నా తేలిక, ఉన్న చక్కెరలోనే వారానికి పావు చెంచా తగ్గించుకుంటూ పోవడం. నాలుక పసిగట్టదు. కాజా మీద అంత ప్రాణంగా ఉంటే అన్నం తిన్నాక ఒక్కటి తినొచ్చు, అదీ అంగడి దగ్గరే నిలబడి. పావు కిలో పొట్లం కట్టించుకుంటే రాత్రి పదకొండుకు ఫ్రిజ్ తలుపు చప్పుడవుతుంది.

ఇవన్నీ వినే స్థితిలో డైటాయన లేడు. "పారబోసేస్తానమ్మా."

"అర లీటరు పాలు పారబోస్తావా? ఇట్టా ఇయ్యి."

అడుగు మందంగా ఉన్న బాండీలోకి వంపి, ఇంకో 75 గ్రాముల బెల్లం వేసి, సన్న మంట మీద ఇరవై ఐదు నిమిషాలు తిప్పింది. నీరు ఇగిరి, అంచులు వదిలేటప్పుడు చెంచాడు నెయ్యి, రెండు యాలక్కాయల పొడి. వేసిన బెల్లంలోనే 280 క్యాలరీలకు పైన, మొదటి గుప్పెడు లెక్కలోకి రాకుండా. మనిషి మాత్రం విరిగిన పాలంటే ప్రోటీనే గదా అని గిన్నె ముందేసుకున్నాడు. పిలకాయలు ట్యూషన్ నుంచి వచ్చేసరికి బాండీ అడుగున గోకుడు మాత్రం మిగిలింది, దానికి గరిటె పట్టుకుని ఇద్దరూ కొట్టుకున్నారు.

అమ్మ బాండీలో నీళ్లు పోస్తూ అడిగింది.

"రేపు గూడా బెల్లం టీయేనా అబ్బయ్యా? పాలాయనకు ఇంకో అర లీటరు ఎక్కువ చెప్పేదా?"