కూర గిన్నె దాటాల్సిన సాయం

అమెరికాలో కొత్తగా దిగిన తెలుగు కుటుంబాన్ని ఆదుకోవడంలో మన సంఘాలకు వంక పెట్టడానికి లేదు. విమానాశ్రయం నుంచి ఇంటికి తీసుకురావడం, అద్దె ఇల్లు దొరికేదాకా బేస్‌మెంట్‌లో చోటివ్వడం, బాలింతకు పత్యం వండి పంపడం, ఆపద వస్తే రాత్రికి రాత్రి చందాలు పోగుచేయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. అయితే ఈ ఆదరణ మొదటి కొన్ని నెలలతోనే ముగిసిపోతోందని, ముఖ్యంగా హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) మీద వచ్చిన స్త్రీలను వారి చదువుకు తగిన ఉద్యోగం దాకా నడిపించలేకపోతోందని నా అభిప్రాయం.

రెండేళ్ల క్రితం మా ఊరి గ్రంథాలయంలో చిన్న గది తీసుకుని, ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న కొందరికి ఇంటర్వ్యూ అభ్యాసం చేయించాం. గుంటూరు జిల్లాలో ఆరేళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి వచ్చిన ఒక సోదరిని, మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, తన భర్త ఏ ప్రాజెక్టులో పనిచేస్తున్నారో చెప్పడం మొదలుపెట్టారు. రెండు వాక్యాల తర్వాత ఆమే గమనించి ఆగిపోయారు. అరవై మంది పిల్లలున్న తరగతిని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆమె. ఇక్కడికొచ్చిన ఐదేళ్లలో ఫోను, కారు, అద్దె ఒప్పందం అన్నీ భర్త పేరు మీదే ఉండటంతో, ఏ దరఖాస్తు నింపినా తన పేరు రెండో గడిలోనే రాయడానికి అలవాటు పడిపోయారు. ఆమెకు ఆ రోజు కావలసింది ఓదార్పు కాదు, తన ఆరేళ్ల అనుభవాన్ని తన నోటితో చెప్పుకునే సాధన. ఆ సాయంత్రమంతా అదే చేయించాం.

2015 మే 26న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, హెచ్-1బి మీద ఉన్న జీవిత భాగస్వామికి గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం లభిస్తే, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ కారణంగా హెచ్-1బి ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు దొరికితేనే హెచ్-4 వారు ఈఏడీకి, అంటే పని అనుమతి కార్డుకు, దరఖాస్తు చేసుకోగలరు. అంతవరకు సంపాదించే హక్కు లేదు గానీ చదువుకునే హక్కు ఉంది, మామూలుగా వాలంటీర్లే చేసే సేవలో జీతం లేకుండా పాల్గొనే వీలూ ఉంది. మన సంఘాలేమో ఈఏడీ చేతికొచ్చాక రెజ్యూమె దిద్దడంతో సాయం మొదలుపెడుతున్నాయి. నిజానికి అది ఈ ఎదురుచూపు సంవత్సరాల్లోనే మొదలు కావాలి.

మన డిగ్రీ ఇక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే మూల్యాంకనమే తీసుకోండి. ఇక్కడి బడిలో పాఠం చెప్పాలన్నా, లైసెన్సు కావలసిన వృత్తుల్లోకి వెళ్లాలన్నా, ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లో విడివిడిగా చూపే నివేదిక సాధారణంగా అడుగుతారు. దానికి మన పెట్టెలో దాచుకున్న మార్కుల జాబితాలు చాలవు. విశ్వవిద్యాలయమే ధ్రువీకరించి, సీలు వేసిన కవరులోనో మరో అధికారిక మార్గంలోనో పంపాలి. ఆ కవరు కోసం పుట్టింట్లో వయసు పైబడిన తండ్రి పరీక్షల విభాగం కౌంటరు చుట్టూ తిరగాలి. ఆయనను ఇబ్బంది పెట్టలేక ఆ పని మధ్యలోనే వదిలేసిన ఇద్దరిని నేనెరుగుదును. ఏటా కళాకారులను రప్పించుకోగలిగిన మన సంఘాలు విజయవాడలో ఒకరిని, వరంగల్లులో ఒకరిని ఈ పనికి నియమించుకోలేవా?

కారు నడపడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బస్సు రాని ఊళ్లో లైసెన్సు లేనిదే ఉద్యోగం లేదు.

ఇంతకన్నా లోతైన చిక్కు మన పరిచయాల్లో ఉంది. 1960ల చివర్లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో, ఉద్యోగాలు మారినవారికి ఆ కబురు ఎవరి ద్వారా అందిందో ఆరా తీశారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ పరిచయస్తుణ్ణి తరచూ కలుసుకునేవారు ఆరింట ఒక వంతే. మిగిలినవారికి దారి చూపింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసే మనుషులు. దగ్గరివాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి ఇది సహజమే. మన వాట్సాప్ గ్రూపులో సాఫ్ట్‌వేర్ ఖాళీలు క్షణంలో తెలుస్తాయి. వృక్షశాస్త్రం చదివిన మనిషికి ఏ బడి ప్రయోగశాలలో, ఏ మొక్కల నర్సరీలో చోటుందో అందులో ఒక్కరికీ తెలియదు. ఆ సోదరికి చివరకు బడిలో ల్యాబ్ సహాయకురాలి ఉద్యోగం ఖాళీగా ఉందని చెప్పింది, గ్రంథాలయంలో ఇంగ్లీషు సంభాషణ తరగతి నడిపే రిటైర్డ్ టీచరమ్మ. వారిద్దరి పరిచయం వారానికి ఒక్క గంట మాత్రమే.

దొరికిన ఉద్యోగం నిలబెట్టుకోవడానికీ సాయం కావాలి. 2025 అక్టోబరు 30 నుంచి దాఖలయ్యే ఈఏడీ రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే ఆ రోజే పని ఆపేయాలి. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు చేయవచ్చని గుర్తుచేసే ఒక్క ఫోన్ కాల్ ఎవరైనా చేయవచ్చు.

మన కార్యవర్గం వచ్చే ఏడాది బడ్జెట్ వేసేటప్పుడు సంక్రాంతి, ఉగాది వేడుకల పద్దు పక్కనే ఈ పనులకూ ఒక పద్దు రాయాలని కోరుతున్నాను. వేడుకలకు పొరుగు వారిని పిలిచినట్టే, ఊరి బడి ప్రిన్సిపాల్‌ను, ఆసుపత్రి నియామక అధికారిని, కమ్యూనిటీ కాలేజీ సలహాదారును మూడు నెలలకొకసారి పిలిచి, మన ఆడపడుచుల ఎదురుగా కూర్చోబెట్టాలి. మొదటి సమావేశానికి గది, కాఫీ ఖర్చు నేను పెట్టుకుంటాను.