అడ్మిషన్లు జరుగుచున్నవి

మా మేనత్త యూరిన్ కల్చర్ రిపోర్టు వచ్చింది. కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందిదాకా చదివాక ఆవిడ ముఖం వెలిగింది. "ఏరా, దాదాపు అన్నిటి పక్కనా ఆర్ అని వేశారు. ర్యాంకులా?"

"ర్యాంకులే అత్తయ్యా. నీకు కాదు."

ఆ కాగితం ఈ.కోలై అనే బ్యాక్టీరియా మార్కుల మెమో. యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్. అన్నిట్లోనూ ఆర్. అంటే రెసిస్టెంట్, ఆ మందు దాన్ని ఏమీ చేయలేదని. అట్టడుగున నైట్రోఫ్యూరంటోయిన్, ఫాస్ఫోమైసిన్, ఇంకో రెండు సూదిమందుల ఎదురుగా మాత్రం ఎస్ ఉంది, అంటే వాటికి ఇంకా లొంగుతుందని. ఆ నాలుగు సబ్జెక్టుల్లో కుర్రాడు ఇంకా తప్పుతున్నాడు.

మూత్రంలో ఇన్ఫెక్షన్ కేసుల్లో నాలుగింట మూడు ఈ కుర్రాడి చలవే. 1885లో ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసివాళ్ల పేగుల్లో వీణ్ని గుర్తించేనాటికి ఈ తెలివితేటలేవీ ఇంతగా లేవు. ఇవాళ ఇంతవాడయ్యాడంటే గొప్ప ఎవరిది? ర్యాంకు వస్తే పిల్లవాణ్ని పొగిడి ఊరుకునే అలవాటు తెలుగునాట లేదు. ఘనత కోచింగ్ సెంటరుదే. కాబట్టి ఆ సంస్థ యాజమాన్యానికి, అనగా మనకు, ఈ వ్యాసముఖంగా అభినందనలు తెలుపుకుంటున్నాను.

ఫౌండేషన్ కోర్సు జలుబుతో మొదలవుతుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయదు. మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని పెద్దవాళ్లు అననే అన్నారు. మనం ఆ వారాన్ని వృథా పోనివ్వం. ఈ.కోలై ఎప్పుడూ మన పేగుల్లోనే ఉంటాడు, అక్కడ ఉన్నంతకాలం చాలావరకు బుద్ధిమంతుడే, దారితప్పి మూత్రనాళంలోకి వచ్చినప్పుడే మంట. ముక్కు కారిందని మింగిన ప్రతి బిళ్లా పేగుల్లో వాడికో డెమో క్లాసు.

అసలు కోచింగ్ సందు చివరి మెడికల్ షాపులో. మా అత్తయ్య వయసు ఆడవాళ్లు మూత్రంలో మంట అని నోరు తెరిచి అనరు. 'వేడి చేసింది' అంటారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ అన్నీ అయ్యాక మూడో రోజు సాయంత్రం, షాపులో జనం పలచబడేదాకా పక్కన నిలబడి, "బాబూ, కాస్త వేడి చేసిందయ్యా" అని గొంతు తగ్గించి అడుగుతారు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ ఉంటుంది. ఫార్మసిస్టు ఎక్కడున్నాడో సర్టిఫికెట్‌కే తెలియాలి. కౌంటరులో ఉన్న అబ్బాయి "నాలుగు చాలమ్మా" అని స్ట్రిప్పును కత్తెరతో కోస్తాడు. మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో ఉండిపోగా, మూడో ముక్క మన చేతికొస్తుంది. రెండు వేసుకుంటే మంట చల్లారుతుంది. మిగతా రెండూ పోపుల డబ్బాలోకి.

లోపలేం జరిగింది? మెతకవి మొదటి డోసుకే పోయాయి. మొండివి మిగిలాయి. అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే జాతి అది. ప్రశ్నపత్రం ముందే చూపించి, చదువుకోమని ఇంటికి పంపి, నెల తర్వాత అదే పేపరుతో పరీక్ష పెట్టే కాలేజీ ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, మా పిల్లల్ని చేర్పిస్తాను.

సిలబస్ తేలికేం కాదు. సెఫిక్సిమ్ వస్తే దాన్ని తుంచేసే ఎంజైము తయారుచేసుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్ వస్తే, అది పట్టుకునే ప్రోటీను ఆకారమే మార్చేయాలి, అప్పులవాడికి జడిసి తాళం మార్చినట్టు. అదీ కాకపోతే లోపలికొచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడిపోసే మోటారు బిగించుకోవాలి. అందరూ కష్టపడక్కర్లేదు కూడా. ప్లాస్మిడ్లని చిన్న చిన్న డీఎన్ఏ చుట్టలుంటాయి. చదువుకున్నవాడు జవాబులు వాటి మీద రాసి పక్క బెంచీకి అందిస్తాడు. పక్కన కూర్చున్నది క్లెబ్సియెల్లా అనే వేరే జాతివాడైనా సరే ఇస్తాడు. కులం అడగకుండా స్లిప్పు ఇవ్వడంలో మనకంటే నయం.

రెసిడెన్షియల్ క్యాంపస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, అది మన పటాన్‌చెరుకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన విషయం. అక్కడ దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరే శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో లెక్కలు ప్రచురించారు. గమనించాలి, శుద్ధి అయ్యాక వచ్చిన నీళ్లు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోలు, అంటే అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేంత. పాపం అక్కడ డాక్టరు చీటీ లేనిదే మనిషికి కూడా బిళ్ల ఇవ్వరట. మనం వాగుకే పోశాం. వాగుకు ఏం జబ్బని ఎవరూ అడగలేదు.

ఇంత చేసినా పేరు ఢిల్లీ కొట్టుకుపోయింది. 2008లో స్వీడన్‌లోనే ఒక రోగి మూత్రంలో దొరికిన బ్యాక్టీరియా, పెద్దాసుపత్రుల్లో చిట్టచివరికి దాచుకునే కార్బాపెనెమ్ మందుల్ని కూడా తుంచేస్తోంది. ఆ రోగి అంతకుముందు న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉన్నాడు కనుక ఎంజైముకు 'న్యూఢిల్లీ మెటలో బీటా లాక్టమేజ్' అని పేరు పెట్టారు. 2010లో ఇది పత్రికలకెక్కగానే మన ప్రభుత్వం తీవ్ర అభ్యంతరం తెలిపింది. ఎంజైముకు కాదు, పేరుకి. ఒకే ర్యాంకరు ఫొటో రెండు కాలేజీల హోర్డింగుల మీద వెలిగే దేశంలో, టాపర్ మావాడు కాడని ఓ యాజమాన్యం మొత్తుకోవడం అదే మొదలు.

హాస్టల్ వసతికీ లోటు చేయలేదు. ఆడవాళ్ల మూత్రనాళం పొట్టిది, వాడికి ప్రయాణం తక్కువ. వాళ్లు నీళ్లు బాగా తాగి వేళకు వెళ్తుంటే ఆ ప్రవాహానికే చాలామటుకు కొట్టుకుపోతాడు. అందుకని బస్టాండు మరుగుదొడ్లను ముక్కు మూసుకుని దాటిపోయేలా ఉంచాం. బడిలో దానికి తాళం వేసి తాళంచెవి హెడ్‌మాస్టరు గదిలో పెట్టాం. హైదరాబాదులో కర్నూలు బస్సెక్కే ఆడమనిషి పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టదు. కుర్రాడికి ఇంతకన్నా ప్రశాంతమైన స్టడీ అవర్స్ ఎక్కడ దొరుకుతాయి?

కోళ్ల ఫారాల్లో బరువు పెరగడానికి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పెట్టి జూనియర్ బ్యాచ్ ఒకటి నడిపారు కానీ 2019లో కేంద్రం దాన్ని నిషేధించింది.

తనిఖీలు లేవని అనుకోకండి. సెఫిక్సిమ్ లాంటివి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది. మా సందులో ఆ రిజిస్టరు చాలా శుభ్రంగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు కదా. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని గుర్తుగా స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటుందని 2016లో ప్రచారం కూడా చేశారు. కత్తెర ఎక్కడ పెట్టాలో చూపించే గీత అనుకుంటున్నాడు మా షాపు అబ్బాయి. పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అయితే 1945లో నోబెల్ అందుకున్నప్పుడే, ఈ మందు ఎవరైనా షాపులో కొనుక్కునే రోజు రావచ్చు, తెలియనివాడు చాలీచాలని డోసు వేసుకుంటాడు, మందుకు లొంగని క్రిములు తయారవుతాయి అన్నాడు. మా సందుకు ఎప్పుడొచ్చి వెళ్లాడో మరి.

సరే, అత్తయ్య సంగతి. డాక్టరు రిపోర్టు చూసి, కిడ్నీ పరీక్ష కూడా చేయించి, నైట్రోఫ్యూరంటోయిన్ రాశాడు. రోజుకు రెండు, ఐదు రోజులు, మొత్తం పది. ఒక్కటీ మిగలకూడదని రెండుసార్లు చెప్పాడు. నాలుగో రోజు ఫోన్ చేశాను.

"మంట మొన్ననే పోయిందిరా. నాలుగు మిగిలాయి."

"మిగలడమేంటి? ఎక్కడున్నాయి?"

"ఎదురింటి కోడలికి వేడి చేసిందట. కొత్తపెళ్లికూతురు, షాపులో అడగడానికి సిగ్గుపడుతోంది. పాపం అనిపించి రెండిచ్చాను."

"మిగతా రెండు?"

"వాళ్లాయనకు జలుబట."