జ్ఞాపకాల బొమ్మలన్నీ ఎందుకిలా మసకబారిపోతున్నాయి?

ఇల్లు, జ్ఞాపకం, లోలోపలి అనుభవం అంటూ పనిచేస్తున్న కుర్ర ఆర్టిస్టులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ మసకను వదిలేయండి. పాత ఫొటో, దానిమీద టీ రంగు పూత, ఓ ఖాళీ కుర్చీ, తుప్పు పట్టిన తాళంచెవి... ఇవి ఏ ఇంటికైనా సరిపోతాయి. అందుకే వాటిలో ఎవరిల్లూ కనబడదు.

జ్ఞాపకాన్ని నిలబెట్టేవి కొలతలు. భారత్‌లో పుట్టిన కళాకారిణి జరీనా హష్మీ 1999లో చేసిన ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ తీసుకోండి. 36 ఉడ్‌కట్‌లు, అంటే చెక్కమీద చెక్కి కాగితంమీద అచ్చేసిన బొమ్మలు. ఒక్కోదానికి ఒక ఉర్దూ మాట, కాసిని నల్లటి గీతలు. మనిషి ముఖం ఎక్కడా లేదు, అయినా గొంతు పట్టేస్తుంది. బ్రిటిష్ శిల్పి రేచెల్ వైట్‌రీడ్ 1993లో తూర్పు లండన్‌లో కూల్చేయబోయే ఒక ఇంట్లో లోపలి గోడలకు కాంక్రీటు పట్టించి, తర్వాత బయటి గోడలు ఊడదీయించింది. గదుల్లోని ఖాళీ గట్టిపడి వీధిలో నిలబడింది. 1994 జనవరిలో దాన్నీ కూల్చేశారు.

మరి మొదలెట్టడం ఎలా? ఫొటోలేవీ చూడకుండా, ఇరవై నిమిషాల్లో, మీరు బొమ్మ చేయాలనుకున్న ఇంటి ప్లాన్ గుర్తున్నంతవరకు గీయండి. ఇల్లింకా ఉంటే టేపుతో కొలిచి, 1:50 స్కేలులో, అంటే 4 మీటర్ల గోడ 8 సెంటీమీటర్లుగా, ట్రేసింగ్ పేపర్ మీద రెండో ప్లాన్ వేయండి. మొదటిదాన్ని అదే స్కేలుకు పెంచో తగ్గించో, రెండోది దానిమీద పెట్టి చూడండి. నడవా రెండింతలు పొడుగై ఉంటుంది. ఒక కిటికీ అసలుండదు. చాలామంది ఇక్కడే మొదటి బొమ్మను దిద్దేస్తారు. దయచేసి దిద్దకండి! మీ పని ఉన్నదే ఆ తేడాలో.

తర్వాత రబ్బింగ్, అంటే ఒక వస్తువుమీద కాగితం పరిచి, దాని గీతలూ గరుకూ పైకి తేలేలా పెన్సిల్‌తో రుద్దడం. కొరియన్ కళాకారుడు డో హో సూ తన న్యూయార్క్ అపార్ట్‌మెంట్ లోపలంతా కాగితం అంటించి, స్విచ్చులూ తలుపు పిడులూ సహా రంగు పెన్సిళ్ళతో రుద్దాడు. అంత పెద్దది అక్కర్లేదు, ఒక గడప చాలు. 150 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 150 గ్రాముల బరువుండే) మందపాటి డ్రాయింగ్ షీట్ సన్నటి గీతల్ని పట్టుకోదు. 30 జీఎస్ఎమ్ దగ్గర్లో ఉండే పల్చటి మల్బరీ కాగితం తీసుకోండి. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి, ఇసుక రేణువొకటి మిగిలినా అక్కడ నల్లచుక్క పడుతుంది, గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది. నాలుగువైపులా మాస్కింగ్ టేప్ వేయండి. పెచ్చులూడే గోడకు మాత్రం వద్దు, టేపుతోపాటు సున్నం లేచొస్తుంది. 6బి, అంటే బాగా మెత్తటి గ్రాఫైట్ స్టిక్‌ను పడుకోబెట్టి, మొదట ఒకే దిశలో తేలిగ్గా రుద్దాలి. అదిమితే కాగితం జరిగి గీతలు రెండేసి పడతాయి. ఫిక్సేటివ్ (గ్రాఫైట్ చెరగకుండా కొట్టే స్ప్రే) అడుగు దూరం నుంచి, గాలి ఆడేచోట, పల్చగా రెండు మూడు పూతలు. ఒకేసారి తడిపేస్తే ముడతలు ఖాయం.

ఇంత కష్టపడ్డాక కూడా చాలా పనులు గోడకు తగిలించే దగ్గర చచ్చిపోతున్నాయి. గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి ఇంచుమించు 150 సెంటీమీటర్ల ఎత్తున పెట్టడం అలవాటు. పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్న తలుపు చెక్కను రబ్బింగ్ తీసి, దాన్నీ అంతెత్తున పెడితే ఎలా? ఇంట్లో ఆ గీత 90 సెంటీమీటర్ల దగ్గరుంటే, గ్యాలరీ గోడమీదా అక్కడే ఉండాలి. చూడ్డానికొచ్చినవాళ్ళు వంగి చూస్తారు.