సోమలింగం బీటు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటూ జనం ఎగతాళి చేస్తారు. టెక్నాలజీ విలేకరికి మాత్రం ఇది ఉద్యోగ నియమావళి. నామకరణం వార్త మనం రాయాలి. బిడ్డ పుట్టాడో లేదో నేరవార్తలు రాసే క్రైమ్ బీటు వాళ్లు చూసుకుంటారు.

ఉదాహరణ 2016 ఫిబ్రవరి. నోయిడాలోని రింగింగ్ బెల్స్ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ ఇస్తానంది. విలేకరులకు ఇచ్చిన శాంపిల్ మీద యాడ్‌కామ్ అనే ఇంకో కంపెనీ పేరుంటే, దాన్ని వైట్‌నర్‌తో కప్పేశారు. కొందరు దాన్ని గీకి చూశారు. ఇది వృత్తి మర్యాద కాదు. ప్రెస్‌మీట్‌కి గోళ్లు కత్తిరించుకుని వెళ్లాలి. మరుసటి ఏడాది ఆ కంపెనీ డైరెక్టర్ అరెస్టయ్యాడు. చెప్పాను కదా, క్రైమ్ బీటు.

రాసిపెట్టమని కంపెనీ ఇచ్చే రివ్యూ ఫోన్ కొద్ది వారాలకే తిరిగి ఇచ్చేయాలి. బ్యాటరీ అసలు గుణం వందల సార్లు ఛార్జింగ్ పెట్టాక గానీ బయటపడదు, కనుక 'బ్యాటరీ బేషుగ్గా ఉంది' అని నిర్భయంగా రాయవచ్చు. శీర్షికలో 200 మెగాపిక్సెల్ కెమెరా అని ఉండాలి. మామూలుగా ఫొటో తీస్తే పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెలే ఇస్తుందన్న ముక్క పదో పేరాలో పెట్టాలి. వార్త ఎనిమిది పేరాలు దాటకూడదు.

అసలు ప్రాణగండం ఎంబార్గో. సమాచారం ముందే చేతికొస్తుంది, చెప్పిన గంట కొట్టేదాకా నోరు విప్పకూడదు. కాలిఫోర్నియాలో ఉదయం 10 అంటే వేసవిలో మనకు రాత్రి 10:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడది 11:30. పాత అలవాటున గంట ముందే వార్త వదిలినవాడికి ఆపైన రివ్యూ ఫోన్ రాదు, ప్రెస్‌నోటే వస్తుంది. తేడా ఏమిటని అడక్కండి. రాసేది ఎలాగూ అందులోంచే.

ఫోన్లు లేని వారం సంస్కృతి రాయాలి. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ మెటాగా పేరు మార్చుకుంది. నాలుగు నెలలు తిరక్కుండానే తమిళనాడులో ఒక జంట మెటావర్స్‌లో, అంటే కంప్యూటర్ తెరమీది ఊహాలోకంలో, రిసెప్షన్ పెట్టుకుంది. టెక్నాలజీ, పెళ్లి, సంప్రదాయం, ఒకే వార్తలో మూడు పేజీల సరుకు! భోజనాలు ఎక్కడ పెట్టారని అడిగే విలేకరిని మాత్రం డెస్క్ వెంటనే మార్కెట్ యార్డు ధరలకు మార్చేస్తుంది.