'ఎప్పటికీ ఉచితం' బోర్డు గారికి

అయ్యా,

అమీర్‌పేట సందుల్లో టులెట్ బోర్డు చూస్తే అద్దెంత, అడ్వాన్సెంత, 'ఫ్యామిలీస్ ఓన్లీ'నా అని ముందే భయం. కోడ్ దాచుకోవడానికి చోటిచ్చే వెబ్‌సైట్ల గుమ్మాల మీద వేలాడే మీరొక్కరే అద్దె లేదు, అడ్వాన్సు లేదు, బ్యాచిలర్లయినా రండి అని పిలుస్తారు. తెలుగు స్పెల్‌చెకర్ రాసుకునే నలుగురు వాలంటీర్లకు ఇంకేం కావాలి? ఆదివారం బిర్యానీ పార్సిల్ వచ్చేలోపు అకౌంటు, రెపో (ప్రాజెక్టు కోడ్ ఉండే గది), లైసెన్సు ఫైలు సిద్ధం.

మీ వంశచరిత్రే కాస్త కంగారు పెడుతోంది. గూగుల్ కోడ్ 2006లో తలుపు తీసి 2016లో మూసేసింది. గిటోరియస్‌ను 2015లో గిట్‌ల్యాబ్ కొంది, ఆ ఏడాదే తాళం పడింది. బిట్‌బకెట్ ఇల్లు ఉంచుకుని 2020లో మెర్క్యురియల్ (గిట్ లాగే కోడ్ మార్పుల చరిత్ర రాసే సాధనం) వాడేవాళ్లను మాత్రం ఖాళీ చేయించింది. ఇక సోర్స్‌ఫోర్జ్: గింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ విండోస్ వెర్షన్ వాళ్లు 2013లోనే వెళ్లిపోయినా పేరుపలక తీయలేదు. 2015లో ఆ పేరు మీదే ఇన్‌స్టాలర్‌కి ప్రకటనల సామాను చుట్టి పంచింది.

అందుకే మీ హాలు ఎంత పెద్దదో మాకు అనవసరం, సామాను బయటికి తేవడానికి మెట్లు ఎంత వెడల్పో చూస్తాం. కోడ్‌తో పేచీ లేదు. కాపీ దించే 'గిట్ క్లోన్' ఆదేశానికి 'మిర్రర్' తగిలిస్తే బ్రాంచులు (కోడ్ పాయలు), ట్యాగులు (వెర్షన్ గుర్తులు), చరిత్ర మొత్తం దిగుతాయి. గిట్‌హబ్ నుంచి అయితే పుల్ రిక్వెస్టుల (కలుపుకోమని పంపిన మార్పుల) రెఫ్‌లు, అంటే గుర్తులు, కూడా వెంటపడి వస్తాయి. వాటితో సహా మరో గిట్‌హబ్ రెపోకి పుష్ చేస్తే (ఎక్కిస్తే) వాటిని వెనక్కి కొడుతుంది, కాబట్టి బ్రాంచులు, ట్యాగులే పంపాలి. వికీ (ప్రాజెక్టు వివరాల పేజీలు) వేరే రెపో, విడిగా క్లోన్ చేయాలి. అందరూ మరిచిపోయేది అదే.

ఇష్యూలు (ఫిర్యాదులు, వాటి మీద చర్చలు) మాత్రం గిట్‌లో ఉండవు, మీ డేటాబేసులో ఉంటాయి. 'చెఱువు'ని తప్పంటోందని ఎవరో పెట్టిన ఫిర్యాదు, దాని కింద బండి ర గురించి ముప్పై వ్యాఖ్యల రగడ, ప్రాజెక్టుకి అసలు ఆస్తి అది. ఏపీఐతో (ప్రోగ్రాములు డేటా అడిగి తెచ్చుకునే దారి) లాగి కొత్త చోట ఎక్కిస్తే చాలాసార్లు అన్ని మాటలూ ఎక్కించినవాడి పేరు మీదే పడతాయి. ఇష్యూల నంబర్లు జరిగాయా, కమిట్‌లో (భద్రపరచిన ఒక మార్పు) రాసిన '42 సరిచేశాం' అన్నది ఇంకెవరి గోడకో వేలు చూపిస్తుంది. దిగకముందే పది ఇష్యూలతో ఓ ఉత్తుత్తి రెపో పెట్టి, బయటికి లాగి చూడాలి.

ఆటోమేటిక్ టెస్టుల దగ్గర మీ వల మరీ సన్నం. టెస్టులు ఎలా నడపాలో చెప్పే గిట్‌హబ్ వర్క్‌ఫ్లో ఫైలు గిట్‌ల్యాబ్‌కి అర్థం కాదు. అసలు పనంతా షెల్ స్క్రిప్టులో పెట్టి, మీ ఫైల్లో దాన్ని పిలిచే ఒక్క లైను ఉంచితే తలనొప్పి తగ్గుతుంది. గిట్‌ల్యాబ్ ఉచిత ఖాతాకి టెస్టులు నడపడానికి నెలకు 400 నిమిషాలు. ప్రతి పుష్‌కి ఆరు పైథాన్ వెర్షన్లు, ఒక్కోదానికి అయిదు నిమిషాలు అనుకుంటే పదమూడు పుష్‌లకే గ్యాస్ బండ ఖాళీ.

సొంతిల్లు కట్టుకోండి అంటారా? ఫోర్జేయో (మన సర్వరు మీదే పెట్టుకోగల గిట్‌హబ్ లాంటి సాఫ్ట్‌వేర్) చిన్న సర్వరు మీద కూడా నడుస్తుంది. కానీ ఇంటి బ్రాడ్‌బ్యాండుకి చాలాచోట్ల పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు చేరగల ఇంటర్నెట్ చిరునామా) రాదు, ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అద్దె సర్వరు తీసుకుంటే బాట్లు (వెబ్ పేజీలు తవ్వుకుపోయే ప్రోగ్రాములు) ప్రతి కమిట్ పేజీనీ గీకుతూ కూర్చుంటాయి. అప్‌డేట్లు, బ్యాకప్పులు, స్పామ్ ఖాతాల పీకివేత అయ్యేసరికి స్పెల్‌చెకర్ రాసేవాడే మిగలడు. బెర్లిన్‌లో కోడ్‌బెర్గ్ అనే సభ్యుల సంఘం ఉంది, అపార్టుమెంటు అసోసియేషన్ లాంటిది. ఓపెన్ సోర్స్ వాళ్లకే చోటిస్తుంది. మా మొగ్గు అటే.

అయినా గిట్‌హబ్ లాంటి మీ ఇంటికి వచ్చేవాళ్లే ఎక్కువ, వాకిట్లో నిలబడక తప్పదు. డొమైన్ మాత్రం మాది, మీ చిరునామా విజిటింగ్ కార్డు మీద వేయం. ఓనర్ హక్కులు ఇద్దరికి, రికవరీ కోడ్లు ఇద్దరి దగ్గరా. ప్రతి ఆదివారం రాత్రి క్రాన్ (వేళకి పని నడిపే ప్రోగ్రాము) ఒక మిర్రర్, అంటే పూర్తి నకలు, తీస్తుంది, నొచ్చుకోకండి.

ఇట్లు,
ఇంకా పెట్టెలు విప్పని అద్దెదారులు

తా.క.: 120 ఎంబీల పదాల ఫైలుని గిట్‌హబ్ గుమ్మం దగ్గరే ఆపింది, అక్కడ ఫైలు హద్దు 100 ఎంబీలు. తర్వాతి కమిట్‌లో తీసేసినా లాభం లేదు, చరిత్రలో ఉండిపోతుంది. ఫిల్టర్-రెపో అనే సాధనంతో చరిత్రే తిరగరాయాలి, ఆ కమిట్ అప్పటికే మిగతావాళ్లకు చేరి ఉంటే వాళ్లూ మళ్లీ క్లోన్ చేసుకోవాలి.